తీగలు లేని తపాంగ్

తేనెపట్టు కోసం జాంపి ఎక్కని తపాంగ్ చెట్టు ఈ నది పొడవునా లేదని, ఊరంతా ఒకే కప్పు కింద ఉండే లాంగ్‌హౌస్‌లో అంటారు, కొంత గొప్పకీ కొంత ఎగతాళికీ. రెండేళ్లుగా మాత్రం ఆయన లులోంగ్ కోసం ఎక్కుతున్నాడు. పట్నంలో పెరిగి పెద్ద చదువు చదువుతున్న ఆ ఇబాన్ తెగ పిల్లకి, ఎండని ఆకులెంత తాగుతాయో, మానూ కొమ్మలూ ఎంత తాగుతాయో తేలాలి. పన్నెండు చెట్లకి ఎండ కొలిచే మీటర్లు కట్టిందీ, నెలనెలా ఎక్కి వాటిని తుడిచేదీ జాంపే.

"అకీ, ఆకులు రాలిన నెలలో కూడా ఎండ కిందికి దిగలేదు! మానే మింగేస్తోంది!" అని మొన్న గంతులేసింది. తాతా అనే ఆ పిలుపుకే ఆయన సగం కరిగిపోతాడు.

ఇవాళ పొద్దున పేము కోసం వెళ్లి, తేనె పట్టదని ఎవరూ ఎక్కని తపాంగ్ ఒకదాని దగ్గర ఆగాడు. మొదలు నుంచి పైదాకా తీగలే. ఆకులు తప్పించి చెయ్యి పెడితే బెరడు చల్లగా ఉంది. తన చెట్ల బెరడు ఈపాటికి పెనంలా కాలుతుంటుంది. అంటే ఇక్కడ ఎండని తాగేది మాను కాదు, తీగలు.

ఎక్కే ముందు మాను మీది తీగలన్నీ కోసెయ్యాలని తండ్రి నేర్పాడు. తీగ పట్టుకుంటే ఊడొస్తుంది, మనిషి పోతాడు. అందుకే ఆ పన్నెండు మాన్లూ నున్నగా గీకి ఉంచాడు. తపాంగ్ పుట్టుకే అంత అనుకుంది ఆ పిల్ల. వచ్చే వారం ఆ లెక్కలే గురువుల ముందు పెట్టబోతోంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. దారంతా తనని తానే తిట్టుకుంటూ వెళ్లి, లులోంగ్‌కి చెప్పేశాడు.

"ప్రతి నెలా కోశారా?"

"ప్రతి నెలా. చావకుండా ఎక్కాలంటే అంతే తల్లీ."

లులోంగ్ రెండేళ్ల లెక్కల కాగితాలన్నీ దొంతరగా పేర్చి పక్కకి జరిపింది. నాలుగు తిట్టినా బాగుండును అనిపించింది ఆయనకి.

"చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"తెలిసేది కాదు."

"మళ్లీ మొదలుపెట్టాలి. తీగలున్న చెట్లకి కట్టాలి, ఒక్కటీ కోయకుండా." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఎక్కగలరా, అకీ? భయమైతే చెప్పండి."

"భయమా, నాకా?" అని జాంపి నవ్వాడు. రెండేళ్లలో ఆమెతో ఆడిన మొదటి అబద్ధం అదే.