దేవుని పిడికెడు

మా మేనత్త పోయిందన్న కబురు పొద్దటి పాసింజరులో వచ్చింది. మా ఊరి పిల్లవాడొకడు జనగామ స్టేషన్లో దిగి, నేను పాఠాలు చెప్పే బడి వెతుక్కుంటూ వచ్చి, తరగతి గుమ్మంలో నిలబడి, "అక్కా, అత్తమ్మ పోయింది. మట్టికి అందాలంటె ఇప్పుడే బయలెల్లాలె" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. పోయే ముందు ఏమన్నా తిన్నదా అని అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

గార్ల దగ్గరి మా ఊళ్ళో అత్తమ్మను కొత్తగా చూసిన వాళ్ళెవరూ ఆమెను భక్తురాలు అనుకోరు. నోరు పెద్దది. పాట ఎత్తుకుంటే శ్రుతి పొలిమేర దాటిపోయేది. దేవుడితో కూడా పక్కింటి మనిషితో పెట్టుకున్నట్టే కయ్యం పెట్టుకునేది. పొయ్యి ముందు కూర్చుని, "ఏందయ్యా, ఇనవడ్తలేదా?" అని ఆయన్ని గదమాయించడం ఎన్నోసార్లు విన్నాను. ఆమెకు చదువు రాదు. నాకొచ్చినందుకు మురిసిపోతూనే, "మా టీచరమ్మకు పొయ్యి ఊదుడు రాదు" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఏ పిల్లవాడు కనబడినా ముందు కడుపు మీద చెయ్యి వేసి చూసేది, తర్వాతే పేరడిగేది. కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. మా వాడలో వాళ్ళు నవ్వేవాళ్ళు కాదు.

ఎందుకో చెప్పాలంటే మా ఇళ్ళలోని ఒక అలవాటు గురించి చెప్పాలి. మా క్రైస్తవుల ఇళ్ళలో ఎసట్లో పోసే గింజల్లోంచి ముందు ఒక పిడికెడు తీసి, దేవుని కోసమని వేరే ముంతలో వేస్తారు. నెలకోసారి అయ్యగారు, అంటే మా పాస్టరు, సైకిలు మీద వచ్చి అన్ని ముంతలవీ సంచిలో పోసుకుని గుడికి, అంటే చర్చికి, తీసుకుపోయేవారు. ఇంట్లో బియ్యముంటే బియ్యం, జొన్నలుంటే జొన్నలు. అత్తమ్మ పిడికిలి పెద్దది. "దేవునికి పెట్టంగ మిగిలితె నాకు" అని మామ వేళాకోళం చేసేవాడు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతబడితే నేను మానుకోట హాస్టలు నుంచి ఇంటికొచ్చేశాను. ఆ వానాకాలమే, ముత్యాలమ్మ పండుగకు డప్పు కొట్టమని ఊరి పెద్దలు మామకు కబురు పెట్టారు. బాప్తిస్మం తీసుకున్న నాడే మామ డప్పును దూలానికి వేలాడదీసి వదిలేశాడు. "కూలికి రమ్మంటె వస్త పటేలా. అమ్మ ముంగట మాత్రం కొట్ట" అన్నాడు. అంతే, మా క్రైస్తవుల ఇళ్ళన్నిటినీ వెలివేశారు. కూలికి పిలవలేదు. కొట్లో ఉప్పు కూడా ఇవ్వలేదు. మా బావి దారిలో కంప కొట్టారు. అయ్యగారిని ఊరి బయటే ఆపి సైకిలు వెనక్కి తిప్పించారు. మామ, మా నాయిన కలిసి పని వెతుక్కుంటూ కొత్తగూడ అడవి వైపు పోయారు.

అత్తమ్మ కొడుక్కు అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. వాడికి జ్వరం తగిలింది. ఇంట్లో గింజలు నిండుకున్నాయి. ఆకుకూర ఉడికించి పెడితే కక్కుకున్నాడు. అయ్యగారు రాలేదు కనుక దేవుని ముంత మాత్రం నిండుగా ఉంది.

"పిల్లా, ముంతల ఉన్నయి గద. జరంత గంజి కాసి తాపు" అంది మా అమ్మ.

అత్తమ్మ ఒప్పుకోలేదు. "అవి దేవునియి వదినె. అండ్ల చెయ్యి వెట్టేదుంటె ఆనాడు డప్పే కొడుదుము. ఇంత గోస ఎందుకు వడ్డట్టు?"

అమ్మ ఇంటికొచ్చేసింది. అసలు సంగతేమిటంటే, మా ఇంటి ముంతను అమ్మ అంతకు ముందే గుట్టుగా ఖాళీ చేసి మాకు వండిపెట్టింది. ఆ మాట చెప్పి ఉంటే అత్తమ్మ వినేదేమో. సిగ్గుతో చెప్పలేకపోయింది. అది తలుచుకుని అమ్మ ఇప్పటికీ కుమిలిపోతుంది. తెల్లారేసరికి పిల్లవాడు లేడు.

నాట్లకు చేతులు కావలసి వచ్చి ఊరే మెత్తబడింది. తప్పయిందని ఎవరూ అనలేదు. పటేలు పొలానికే అత్తమ్మ నాటు వెయ్యడానికి పోయింది. అయ్యగారు వచ్చి ఆ ముంతను చేతిలోకి తీసుకున్నారు.

"ఎవరు ముట్టొద్దన్నరమ్మా నీకు?"

"ఎవ్వరనలే అయ్యగారూ."

ఆయన ప్రార్థన మొదలుపెట్టి ముగించలేకపోయారు. ఆ గింజలు అక్కడే వండించి వాడలోని పిల్లలందరినీ కూర్చోబెట్టారు. వడ్డించింది అత్తమ్మే. నేనూ తిన్నాను. అంత భయంగా నేనెప్పుడూ అన్నం తినలేదు. అడవి నుంచి తిరిగొచ్చిన మామ ఆ తర్వాత గుడికి పోలేదు. డప్పూ ముట్టలేదు.

అత్తమ్మ మాత్రం పిడికెడు తియ్యడం మానలేదు. కాకపోతే ఆ ముంతలో గింజ నిలవనిచ్చేది కాదు. పొద్దుగూకే లోపల ఎవరి పిల్లల్నో పిలిచి వండిపెట్టేది. నెలాఖరుకు ఖాళీ ముంత చూపిస్తే అయ్యగారు దానికే దండం పెట్టి పోయేవారు. నేను హాస్టలుకు తిరిగి పోయేటప్పుడల్లా అందులోంచే మూట కట్టిచ్చేది. నా చదువు ఆ మూటల మీదే సాగింది. ఆ రుణం తీరేది కాదు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒకనాడు నేను ఆగలేక అడిగేశాను. పటేలు మీద, అయ్యగారి మీద, ఆ పైవాడి మీద కూడా నాకు మంటగా ఉండేది.

"అత్తమ్మా, ఇంక ఆయన్నెట్ల నమ్ముతున్నవ్?"

చిక్కుడుకాయలు తుంచుతున్న చెయ్యి ఆపకుండా, "ఆయన అడుగలే బిడ్డా. అడిగిండని నేననుకున్న" అంది. తుంచిన కాయలు చేటలో వేసి మళ్ళీ తనే, "ఇప్పుడు నమ్ముడు ఇడిసిపెడ్తె, మా పొల్లగాన్ని ఎవరి దగ్గర ఉంచినట్టు?" అంది.

పరలోక ప్రార్థన మా వాళ్ళందరికీ నోటికొచ్చు. అందులో ఏ రోజు తిండి ఆ రోజు ఇమ్మని దేవుణ్ణి అడిగే మాట ఒకటుంది. కొడుకు పోయినప్పటి నుంచి అత్తమ్మ ఆ చోట నోరు మూసుకునేది. దాని తర్వాత వచ్చే క్షమించమనే మాటను అందరికన్నా గట్టిగా అనేది. ఎందుకని ఆమెను ఎవరూ అడగలేదు.

మొన్న సమాధి దగ్గర, మా ఊరి సంగతులు తెలియని కొత్త అయ్యగారు ఆ ప్రార్థన మొదలుపెట్టాడు. అందరం గొంతు కలిపాం. ఆ చోటికి రాగానే మా అమ్మ ఆగిపోయింది. పక్కనున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. నేనూ ఆగిపోయాను. తిండి అడిగే మాట అయ్యగారొక్కడే అన్నాడు. అని, పుస్తకంలోంచి తలెత్తి, మూసుకున్న మా నోళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు.