పొగమంచులో మామ ఒప్పుకున్న తప్పు

అది 2022 జనవరి. అప్పటికి పదకొండేళ్ళుగా నేను దుబాయిలో మోటారు బీమా సర్వేయరుగా పనిచేస్తున్నాను. ప్రమాదానికి గురైన వాహనాన్ని పరిశీలించి, మనిషి చెప్పిన కథకూ వంగిన రేకు చెప్పే కథకూ పొంతన కుదిరిందో లేదో నివేదిక రాయడం సర్వేయరు పని. నేను చదివింది భౌతికశాస్త్రం. ఎవరేం చెప్పినా, కొలత దొరికేదాకా నమ్మకపోవడం చదువుతో వచ్చి ఉద్యోగంలో ముదిరిన అలవాటు.

ఇక్కడి శీతకాలపు ఉదయాలు కొన్నిసార్లు నేలను మరిచిపోతాయి. సముద్రపు తేమ చల్లబడిన ఇసుక మీదికి పాకి, కదలకుండా నిలిచిపోతుంది. దీపస్తంభాలకు మొదళ్ళు ఉండవు. వంతెనలు ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో పోతుంటాయి. ఎదురుగా వచ్చే లారీ మొదట ఒక శబ్దంగా, తరువాత ఒక నీడగా, చివరికి లారీగా మారుతుంది. అలాంటి ఒక శనివారం ఉదయం, రాస్ అల్ ఖైమా నుంచి దుబాయిలోని మా ఇంటికి భోజనానికి బయలుదేరిన మామా అత్తమ్మా దారిలో ప్రమాదానికి గురయ్యారు.

ఫోను చేసింది అత్తమ్మ.

"అల్లుడా, ఆగమాగం గాకు. పానాలు మంచిగున్నయి. నా చెయ్యి ఇరిగింది, గంతే. గని మీ మామ నోరు ఇప్తలేడు. జర నువ్వొచ్చి మాట్లాడు."

మామ అంటే మా అమ్మకు పెద్దన్న. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి హెల్పరుగా వచ్చి, రాస్ అల్ ఖైమా కొండల్లోని ఒక రాతి క్వారీలో ముప్పై ఏళ్ళు పనిచేసి, సైట్ సూపర్‌వైజర్ అయ్యాడు. అరవై ఒక్కేళ్ళ మనిషి. కంపెనీ పికప్‌లో కొండ చుట్టూ తిరుగుతూ పనులు చూడటమే ఆయన ఉద్యోగం. లైసెన్సు పోతే ఆ ఉద్యోగం ఉండదు, ఉద్యోగం లేకపోతే వీసా ఉండదు. అందువల్ల ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఆయన నాతో అన్న మొదటి మాట నా చెవికి ఎంతో బరువుగా తగిలింది.

"నిద్రవోయిన అల్లుడా. బండి నడుపుకుంట నిద్రవోయిన. మీ అత్తమ్మ చెయ్యి నేనే ఇరగ్గొట్టిన."

"పోలీసులకు కూడ గిదే చెప్పినవా?"

"చెప్పిన. 'మై సో గయా సాబ్, గల్తీ మేరా' అన్న. ముప్పయ్యేండ్లు గీ సైట్లల్ల జూసిన. తప్పు మనదని ముందుగాల ఒప్పుకుంటె ముదీర్ తిట్టుడు ఆపుతడు. ఖలాస్, ఆన్నే ఒడుస్తది."

ముదీర్ అంటే మేనేజరు. క్వారీలో జరిగే చిన్న పొరపాట్లకు ఆ సూత్రం పనిచేసి ఉండవచ్చు. రోడ్డు ప్రమాదంలో అలా జరగదు. ఇక్కడ తప్పు ఎవరిదో పోలీసులు తేల్చి, తప్పు చేసినవారికి ఎర్ర స్లిప్పు, చేయనివారికి పచ్చ స్లిప్పు ఇస్తారు. బీమా కంపెనీలు ఆ రంగును బట్టే క్లెయిమ్ తేలుస్తాయి. మూడు వాహనాలు ఢీకొన్నాయి, ఒకరు గాయపడ్డారు కనుక అధికారి వెంటనే తేల్చక, గురువారం అందరినీ రమ్మన్నారు. ఆ లోపు మామ మాట మారకపోతే ఎర్ర స్లిప్పు ఖాయం. నిద్రపోతూ నడిపి మనిషిని గాయపరిచాడని ఫైలుకెక్కితే లైసెన్సు నిలవడం కష్టం.

నేను మా మేనేజరుకు బంధుత్వం సంగతి చెప్పి, ఈ ఫైలు మా సంస్థకు వచ్చినా నేను తాకనని రాసిచ్చాను. మామకు కూడా ఒక మాట ముందే చెప్పాను: "పరిశీలనలో నువ్వు నిద్రపోయినట్టే తేలితే, నేను గూడ గదే అంట. నా దగ్గర బంధువులను తూచనీకి వేరే తరాజు లేదు." ఆయన తలూపాడు. ఆ తలూపడంలో ఆశ ఏమాత్రం కనిపించలేదు.

మరునాడు రాస్ అల్ ఖైమాలో వారి ఇంట్లో క్లెయిమ్ ఫారం నింపడానికి కూర్చున్నాం. కిటికీ బయట కొండలు సగం వరకే ఉన్నాయి, మిగతా సగం తెల్లదనంలో కరిగిపోయింది. 'ప్రమాదం ఎలా జరిగింది' అనే గడిలో మామ అప్పుడే 'నిద్ర' అని రాయబోతున్నాడు. నేను కలం పట్టుకుని ఆపాను.

"కారణం రాయకు మామా. కంటికి కనవడ్డది చెప్పు, చాలు."

"కలల ఏం కనవడ్తె ఏంది?"

అత్తమ్మ కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంది. "గీయన నిద్రవోయిండంటె నేను నమ్మ అల్లుడా. కన్ను మూసినంక నాలుగు లెక్కపెట్టక ముందే గురక మొదలైతది. గా గురకకు ఇంజన్ చప్పుడు గూడ ఇనరాదు. నేను పక్కకే ఉంటి. గురక ఇనలే."

"నువ్వే నిద్రవోయినవేమో," అన్నాడు మామ.

"అవు, నిద్రవోయి నీ గురక కోసం చెవులు నిక్కబెట్టి సూస్తున్న!"

గురక లేకపోవడం నివేదికలో రాయదగిన ఆధారం కాదు. అయినా తీసిపారేయవలసిన పరిశీలనా కాదు. మామను మళ్ళీ అడిగాను. ఆయన గోడ వైపు చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"పసుపు గనవడ్డది. ఉడకబెట్టి కల్లంల ఆరబోస్తరు సూడు, గట్ల. దారి మొత్తం పసుపే. కొమ్ములు గాదు, గా రంగు. జరసేపు కనవడుడు, జరసేపు మాయమవుడు. ఎవరో దుప్పటి గప్పి తీసినట్టు. గీ దుబాయ్ రోడ్డు మీద పసుపెక్కడిది? గందుకే ఎరుకైంది, నేను కలల ఉన్ననని. తర్వాత ధడేలుమన్నది."

పసుపు కల్లం వెలిగి ఆరదు. వెలిగి ఆరేది వేరే ఉంది.

"ఎంత తొందరగ మాయమైంది? చేత్తో కొట్టి చూపియ్యి."

ఆయన కళ్ళు మూసుకుని బల్ల మీద చూపుడు వేలితో కొట్టాడు. కొంతసేపటికి ఆ వేలు తనంతట తానే నడుస్తున్నట్టు అనిపించింది. నేను గడియారం చూశాను. నిమిషానికి సుమారు ఎనభై. వాహనాల హజార్డ్ లైట్లు, అంటే ఆగినప్పుడు నాలుగు మూలలా వేసే పసుప్పచ్చని హెచ్చరిక దీపాలు, నిమిషానికి అరవైకీ నూట ఇరవైకీ మధ్య వెలిగి ఆరాలన్నది తయారీ నియమం. మంచులో అలాంటి దీపాలు పది కలిస్తే వెలుగు చుక్కలుగా ఉండదు. నేలంతా పరుచుకుంటుంది.

జ్ఞాపకంతో కొట్టిన వేలి దెబ్బలు రుజువు కావని నాకు తెలుసు. మనసు తనకు కావలసిన వేగాన్ని కల్పించుకోగలదు. కానీ ఒక పరికల్పన పుట్టింది. ఆయన చూసింది కల కాదు, ముందు ఆగిపోయిన కార్ల వరుస. దాన్ని చూసిన మనిషి బ్రేకు వేసి ఉండాలి. వేశాడా?

సోమవారం, సర్వేయరుగా కాక మామ తరఫు బంధువుగా, వాహనాలను ఉంచిన యార్డుకు వెళ్ళాను. నలిగిన కార్లు వరుసలు వరుసలుగా ఇసుక కప్పుకుని, ఎవరూ లేపని నిద్రలో ఉన్నట్టున్నాయి. మామ పాత కారుకు ముందూ వెనకా దెబ్బలున్నాయి. వెనక నుంచి గుద్దినది ఒక డెలివరీ వ్యాను. ఆ వ్యాను బీమా కంపెనీ పంపిన మలయాళీ సర్వేయరు అక్కడే ఉన్నాడు. మామదే తప్పని తేలితే లాభపడేది ఆయన్ను పంపినవారే. అందుకే మామ కారు వెనక దీపాలు విప్పమని ఆయన్నే కోరాను. నేను రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను.

కుడివైపు దీపం పొడి అయిపోయింది. ఎడమవైపు అద్దం పగిలినా లోపలి బల్బు నిలిచింది. పాత కార్ల బల్బులో రెండు తీగలుంటాయి: సన్నది రాత్రి దీపానికి, లావుది బ్రేకుకు. తీగ వెలుగుతున్నప్పుడు వేడికి మెత్తబడి ఉంటుంది. ఆ క్షణంలో గట్టి దెబ్బ తగిలితే సాగి వేలాడుతుంది. ఆరి ఉన్న చల్లని తీగ విరిగితే విరుగుతుంది కానీ అలా సాగదు. మంచులో దీపాలు వేసుకుని వచ్చారు కనుక సన్న తీగ సాగడంలో విశేషం లేదు. చూడవలసింది లావు తీగ.

ఆయన భూతద్దంలో చాలాసేపు చూశాడు. నాకు ఇచ్చాడు. చిన్న గాజు బుడగలో లావు తీగ, ఎవరో వేలితో లాగి వదిలినట్టు, ఒక పక్కకు వంకరగా సాగి ఉంది. ఆ వంకరలో ఒక క్షణం ఆగిపోయి ఉంది. వెనక నుంచి దెబ్బ తగిలినప్పుడు మామ కాలు బ్రేకు మీద ఉంది. మలయాళీ సర్వేయరు ఫొటోలు తీసుకున్నాడు. తనకు వ్యతిరేకమైన ఫొటోలు అంత శ్రద్ధగా తీసిన మనిషి మీద నాకు నేటికీ గౌరవం.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. మామ ముందున్న పికప్‌ను తానే గుద్ది, ఆ తరువాత బ్రేకు నొక్కి ఉండవచ్చు. దానికి మా వృత్తిలో ఒక పాత ప్రశ్న ఉంది. మూడు వాహనాల ప్రమాదంలో ముందున్న వ్యక్తికి ఎన్ని దెబ్బలు తెలిశాయి? రెండు తెలిస్తే మధ్యవాడు ముందుగా గుద్ది, తరువాత వెనకవాడు తోసినట్టు. ఒకటే అయితే మధ్యవాడు ఆగి ఉండగా వెనక నుంచి నెట్టబడ్డట్టు.

ముందు పికప్ డ్రైవరు పెషావరు వైపు పెద్దమనిషి. ఫోనులో జవాబు ఆలోచించకుండా వచ్చింది. "ఏక్ హీ ధక్కా, భాయ్. వో బుజుర్గ్ తో రుక్ గయే థే. పీఛే వాలే నే మారా." ఒకటే తోపు, ఆ పెద్దాయన ఆగాడు, గుద్దింది వెనకవాడు. మరి పోలీసులకు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆ పెద్దాయనే తప్పు తనదని ఏడుస్తుంటే మధ్యలో నేనెవరిని అన్నాడు. గురువారం వచ్చి చెబుతానన్నాడు.

బుధవారం సాయంత్రం మామకు అన్నీ వివరించాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ముఖం మరింత ముడుచుకుంది.

"నేను గాదంటె గా వ్యాను పోరని మీద వడ్తది గదా. కొత్తగ వచ్చిండట. వానికి వీసా ఇచ్చిన కఫీల్ ఎసొంటోడో."

"వాని బీమా ఉన్నదే గందుకు మామా. దూరం పాటించకపోవుడు వాని తప్పు. నిద్రవోయిండని ఎవరూ అంటలేరు. నువ్వు చెయ్యని తప్పు మీదేసుకుంటె, వాడు మంచుల గట్లనే నడుపుతడు. ఇంకోసారి ఇంకెవరి చెయ్యో ఇరుగుతది."

అత్తమ్మ మధ్యలో అందుకుంది. "నా చెయ్యి ఇరగ్గొట్టినోడు నువ్వు గాదని ఇంత సదువుకున్న పిలగాడు తేల్చి చెప్పవట్టె. జర ఇను. ముప్పయ్యేండ్ల సంది అన్ని తప్పులు నీవే అనుకుంటివి. గిదన్న నాకు ఇడిసిపెట్టు, నేనే తిట్టుకుంట ఎవర్నన్న."

గురువారం ట్రాఫిక్ కార్యాలయంలో పికప్ డ్రైవరు తన మాట చెప్పాడు. అధికారి ఫొటోలు చూశారు, బల్బు సంగతి రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. తరువాత కాగితాలు పక్కకు జరిపి, మామ వైపు తిరిగి, తెలిసిన ఉర్దూలో మెత్తగా అడిగారు: "చాచా, సోయే థే?" నిద్రపోయారా?

తలుపు పక్కన వ్యాను డ్రైవరు తల వంచుకుని నిలబడ్డాడు. మామ అతని వైపు ఒకసారి చూశాడు. నేను చేయగలిగింది ఏమీ లేదు. కొలతలు అయిపోయాయి, మిగిలింది మనిషి మాట.

"నహీ సాబ్," అన్నాడు మామ. "బత్తీ దేఖా. బ్రేక్ మారా. రుకా." దీపాలు చూశాను, బ్రేకు వేశాను, ఆగాను. కొద్దిగా ఆగి, ఆ కుర్రవాడికి కూడా ఏమీ కనిపించి ఉండదని, మంచు అలా ఉందని కలిపాడు. అధికారి ఆ మాట కూడా రాసుకున్నారు. పచ్చ స్లిప్పు మామ చేతికి వచ్చింది. ఎర్రది వ్యాను డ్రైవరుకు వెళ్ళింది. నిద్ర మాట లేకపోవడంతో, దూరం పాటించనందుకు జరిమానాతో అతని సంగతి ముగిసిందని తరువాత విన్నాను.

బయటికి వచ్చాక మామ నా కారు తాళం అడిగాడు. నేను పక్క సీటులో కూర్చున్నాను. మంచు అప్పటికే విడిపోయి, కొండలు నిండుగా కనిపిస్తున్నాయి.

నా నివేదికల్లో తమకు అనుకూలంగా చెప్పుకున్నవారినే నేను ఇన్నేళ్ళూ అనుమానించాను. తప్పు తనదేనని మనిషి చెప్పుకుంటే అది నిజమే అయి ఉంటుందని, అబద్ధంతో నష్టం ఎవరు కొనితెచ్చుకుంటారని, పరీక్షించకుండా సంతకం చేసిన ఫైళ్ళు నా వెనక ఎన్ని ఉన్నాయో లెక్క తెలియదు. శాస్త్రం ఆ మినహాయింపు ఎవరికీ ఇవ్వలేదు, నేనే ఇచ్చాను. భయంతోనో, మర్యాదతోనో, అలసటతోనో మనిషి తన మీద వేసుకునే తప్పు కూడా ఒక క్లెయిమే. 'తప్పు నాదేనండి' అంటూ ఎవరైనా నా ఎదురుగా కూర్చుంటే ఇప్పుడు నేను తల ఊపను. వాళ్ళ కారు దగ్గరికి వెళ్ళి, వంగి, మొదటి నుంచి చూడటం మొదలుపెడతాను.