రెండో పార్టు చూసి వేసిన తప్పు

పలాసలో జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగ ముక్కులో దూరిందంటే ఒంటికీ జుట్టుకీ జిడ్డులా అంటుకుని, ఇంటికెళ్ళి తలంటుకుంటే గానీ వదలదు. మొన్న ఆ పొగలోనే బస్సు కోసం ఎదురుచూస్తూ ఒక హోటల్లో టీ చెప్పి కూర్చున్నాను. గోడకి బిగించిన టీవీలో హిందీ సినిమా ఒకటి తెలుగులో అరుస్తోంది. లంచగొండుల్ని ఒంటిచేత్తో పట్టి శిక్షించే లారీ డ్రైవరు కథ, అందులోనూ రెండో భాగం. నల్ల కంబళి ముఖానికి చుట్టుకున్న హీరో ఆనకట్ట మీద నిలబడి మైలు దూరం వినపడేలా నీతులు చెబుతున్నాడు. చిన్నప్పుడు చూసిన సినిమా మళ్ళీ కనబడితే ఎవరైనా మురిసిపోతారు. నాకు మాత్రం చేతిలో గ్లాసు ఆ టీవీ మీదికి విసిరేయాలనిపించింది. అయినా కదలకుండా కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, చివరిదాకా చూశాను. ఎందుకంటే చిన్నప్పుడు నేను దాని ముగింపు చూడలేదు, మా పేటలో ఎవరూ చూడలేదు.

మాది కవిటి నుంచి సముద్రం వైపు దిగితే కొబ్బరితోటల నీడ అయిపోయి ఇసుక మొదలయ్యే చోటు. వేసవిలో తోటల వైపు నుంచి పనసపండ్ల వాసనా, ఒడ్డు వైపు నుంచి ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల వాసనా వచ్చి మా గుమ్మం దగ్గర కలుసుకునేవి. వేట లేని వానరోజుల్లో మగవాళ్ళు పాకల కింద చిరిగిన వలలు బాగుచేసుకుంటుంటే, మేం పిల్లలం చోడి అంబలి గటగటా తాగేసి ఇసుకలోకి పరిగెత్తి, బొరియల్లోంచి పీతల్ని లాగి, వాటి కాళ్ళకి దారాలు కట్టి పందేలు వేసేవాళ్ళం. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చే ముసలమ్మలు ఆ పొగ మధ్యనుంచే మమ్మల్ని తిట్టేవారు. గంగమ్మ పండుగకి బూరెలు వేగుతున్న నూనె వాసన, గంజి పోని కొత్త గౌన్లు ఒరుసుకుపోయిన మెడలు, డప్పుల వెనకాల నిద్రకళ్ళతో సముద్రం దాకా నడక, అన్నీ ఉండేవి. నీళ్ళు మాత్రమే బాగుండేవి కావు. మా బావి నీళ్ళలో పప్పు ఉడికేది కాదు, టీ కాస్తే ఉప్పగా, అదో రకం వగరుగా ఉండేది. ఊరికొచ్చిన చుట్టాలు ఒక గుక్క తాగి, మొహమాటానికి రెండో గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టేసేవాళ్ళు.

సాయంత్రానికి మా నాన్న పాదాలు ఉబ్బేవి. తెప్ప ఒడ్డుకి లాగి ఇంటికొచ్చి, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే, నేనూ తమ్ముడూ చెరో పాదం పంచుకుని బొటనవేలితో నొక్కేవాళ్ళం. గుంట పడేది. ఎవరి గుంట ఎక్కువసేపు ఉంటే వాళ్ళు గెలిచినట్టు. నాన్న కూడా నవ్వుతూ చూసేవాడు. మా ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బుతో ఆడుకున్న పిల్లలు మేమే కాకపోవచ్చు. జబ్బు ఎందుకొస్తోందో పెద్ద పెద్ద డాక్టర్లకే అంతు చిక్కలేదంటారు. టెక్కలిలో నాన్నని చూసిన డాక్టరు మాత్రం, ముందు ఆ బావి నీళ్ళు మానిపించమని అమ్మకి గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి మా అమ్మ కవిటి అవతల ఒక తోటలో ఉన్న బోరు నుంచి నాన్న ఒక్కడికీ సరిపడా నీళ్ళు బిందెతో మోసుకొచ్చేది. ఆటో దొరికితే ఆటోలో, లేకపోతే నెత్తిమీద. ఆ బిందె జోలికి వెళితే మా వీపులు చిట్లిపోయేవి.

అలా మోయాల్సిన అవసరం నిజానికి లేదు. మా పేట మొదట్లోనే నీళ్ళ ట్యాంకు ఉండేది. పట్నం నుంచి వచ్చిన కంట్రాక్టరు ఒకడు దాన్ని కట్టించి, తెల్లసున్నం వేయించి, నీలం రంగు అక్షరాలు రాయించి, కొబ్బరికాయ కొట్టించి వెళ్ళిపోయాడు. పైపులు వేయడం మాత్రం మరిచిపోయాడు. కాగితాల మీద పైపులూ ఉన్నాయట, కుళాయిలూ ఉన్నాయట, మేం తాగుతూ కూడా ఉన్నామట. ఆ ట్యాంకు నీడలో మేకలు పడుకునేవి, మేం దాగుడుమూతలు ఆడేవాళ్ళం. అమ్మ ఎప్పుడు దాని కిందుగా బిందెతో నడిచినా తలెత్తి ఒకసారి చూసి ఉమ్మేసేది.

ఇంత కోపం ఒక్క అమ్మకే ఉండేదని కాదు, ఊరందరికీ ఉండేది. దాన్ని ఎటు తిప్పాలో చెప్పింది మాత్రం సినిమా. కొబ్బరాకుల పాకలో టీవీ, వీడియో పెట్టి మధ్యాహ్నాలు ఆట వేసేవాళ్ళు. మొదటి భాగం అక్కడే చూశాం. మా చిన్నాన్న కామేసు గుజరాత్ బోట్ల మీద పనిచేసి వచ్చినవాడు కనుక హిందీ వచ్చు. టీవీ పక్కన పీట వేసుకుని కూర్చుని, బొమ్మలో ఎవరేం మాట్లాడినా వెంటనే మా మాటల్లోకి తిప్పి అరిచి చెప్పేవాడు. హీరోయిన్ ఏడుస్తుంటే "నానేటి సేతునమ్మా అని ఏడుత్తంది" అని తనూ ముక్కు చీదేవాడు. ఆ సినిమాలో హీరో లంచాలు తిన్నవాళ్ళని లారీలో పడేసి జనం ముందు దింపుతాడు, చివర్లో తూటాలు తిని చచ్చిపోతాడు. పేటంతా ఏడ్చింది. నెల తిరక్కుండా పిల్లలందరూ ముఖాలకి తువ్వాళ్ళు చుట్టుకుని తిరగడం మొదలైంది. ఆటలో ఆడపిల్లలకి హీరో వేషం ఇచ్చేవాళ్ళు కాదు. లంచగొండి గుమాస్తా ఎప్పుడూ నేనే, రోజూ నన్నే ఇసుకలో ఈడ్చేవాళ్ళు.

ఆ తర్వాత ఎప్పటికో రెండో భాగం వచ్చింది. చచ్చినవాడు ఎలా వచ్చాడని ఎవరూ అడగలేదు. నది ఈడ్చుకుపోయి ఎక్కడో బతికించిందని చిన్నాన్న చెబితే చప్పట్లు కొట్టారు. పైగా ఈసారి విలన్ జనం తాగే నీళ్ళు మింగినవాడు. పాకలో గాలి ఆడటం లేదు, కిక్కిరిసిన ఒళ్ళ మీద చేప వాసన, చెమట వాసన, మధ్యలో ఎవరో తెచ్చిన వేరుశనక్కాయల పొట్టు. మా నాన్న ముందు వరసలో ఉబ్బిన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. హీరో విలన్ని ఆనకట్ట మీదికి ఈడ్చుకొచ్చి, జనం వైపు తిరిగి, వీడికి శిక్ష పడాలని హిందీలో అరిచాడు.

శిక్షకి చిన్నాన్న దగ్గర మాట లేదు. మా పేటలో ఆ మాట ఎవరూ వాడరు. మాకున్నది "తప్పు". మా దగ్గర చేసిన నేరమూ తప్పే, దానికి పెద్దలు వేసే జరిమానా కూడా తప్పే. ఎవడైనా కాని పని చేస్తే రాంకోవెల అరుగు మీద పెద్దలు కూర్చుని తప్పు వేస్తారు, వాడు కడతాడు, అందరూ కలిసి తింటారు. అంతటితో ఆ సంగతి చచ్చినట్టే. తర్వాత దాన్ని ఎత్తినవాళ్ళకి మళ్ళీ తప్పు పడుతుంది. అన్నదమ్ముల తగాదాలకీ, వలలు తెగిన గొడవలకీ ఆ పద్ధతి మంచిదే కావచ్చు. చిన్నాన్న గొంతు చించుకుని, "ఈడికి తప్పెయ్యాల అంటన్నాడు" అని అరిచాడు. పాకంతా ఊగిపోయింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఎంతసేపు విసనకర్రలతో విసురుకున్నా కరెంటు రాలేదు. జనం కదలరు. అప్పుడు చిన్నాన్న తనకి తెలియని ముగింపుని తెలిసినట్టే చెప్పేశాడు. పెద్దలొచ్చారట, తప్పు వేశారట, విలన్ తలొంచుకుని కట్టాడట, జనమంతా తిన్నారట. అందరూ తృప్తిగా తలలూపి లేచారు. సినిమా తీసినవాడి కంటే మా చిన్నాన్నే మేలని అందరూ అనుకున్నారు.

కొద్ది రోజులకే ఒక పొద్దున్న, తెప్పలు ఒడ్డుకి చేరే వేళ, ఆ కంట్రాక్టరు తన ఇంట్లో శుభకార్యానికి పండుగప్ప చేపలు బేరమాడటానికి తనంతట తనే మా ఒడ్డుకి వచ్చాడు. చిన్నాన్నా, మరికొందరూ తువ్వాళ్ళు ముఖాలకి చుట్టుకుని, వెనకనుంచి వెళ్ళి, వాడి మీద వల విసిరారు. ఎంత తువ్వాలు చుట్టుకున్నా ట్యాంకు కట్టినన్నాళ్ళూ వాడు రోజూ చూసిన మనుషులు కారా? వలలో పడి కూడా వాడు కంగారు పడలేదు.

"ఏరా కామేసూ, సొక్కా పాడైపోతాది, మెల్లగా లాగు" అన్నాడు. "పెద్దల్ని పిలు. ఎంత తప్పేత్తే అంత కట్టుకుంతాను."

మా పద్ధతి వాడికి మాకంటే బాగా తెలుసు. మా వాళ్ళు సినిమాలో హీరో గెలిచినంత సంబరంగా వాణ్ణి అరుగు దగ్గరికి ఊరేగించారు, మేం పిల్లలం కూడా ఈలలు వేస్తూ వెనకాల పరిగెత్తాం. పెద్దలు గొంతులు సవరించుకుని, ఎంతోసేపు ఆలోచించి, ఒక మేకపోతూ, పేటకి సరిపడా కల్లూ తప్పు వేశారు. వాడు వాదించలేదు. కాస్త ఎక్కువే తెప్పించాడు.

అరుగు కింద ఆడవాళ్ళ మధ్యనుంచి మా అమ్మ ముందుకొచ్చింది. "పైపులు ఎప్పుడేత్తాడో అడగండి" అంది.

పెద్దాయన విసుక్కున్నాడు. "తప్పు కట్టినాడు కదే. ఇంకేటి అడిగేది?"

"మేకని ఏం సేసుకుంతాం? నీలు కావాల."

"ఒదినా, అయిపోనాది. ఇంక ఒగ్గీ" అని చిన్నాన్న బతిమాలాడు.

ఆ మధ్యాహ్నం కొబ్బరితోటలో మేకపోతు మసాలా ఘుమఘుమలాడింది, కల్లు నురగలు కక్కింది, చిన్నాన్న సినిమాలో హీరోలాగా కంబళి కప్పుకుని గంతులు వేశాడు. అందరితోపాటు కంట్రాక్టరూ ఆకు వేయించుకుని తిన్నాడు. మా నాన్న కూడా తిన్నాడు, నేనూ తిన్నాను, మాంసం మెత్తగా ఉడికిందని ఇప్పటికీ గుర్తు. ఎందుకంటే ఆ వంటకి అమ్మ తోటబోరు నుంచి తెచ్చిన బిందెడు నీళ్ళు వాడేసుకున్నారు. అమ్మ ఇంట్లోనే కూర్చుంది. సాయంత్రం ఖాళీ బిందె తీసుకుని మళ్ళీ వెళ్ళింది.

అమ్మ ఊరుకోలేదు. బావి దగ్గరా, చేపల బుట్టల దగ్గరా, చివరికి గంగమ్మ పండుగలో బూరెలు వేస్తూ కూడా, ఆ పైపుల మాటే ఎత్తింది. కలెక్టరు దగ్గరికి వెళదాం, ఎవరు నాతో వస్తారని అడిగింది. తీరిపోయిన సంగతి ఎత్తినందుకు పెద్దలు ఆమెకే తప్పు వేశారు. గుడ్లు పెట్టే కోడిపెట్టని అమ్మ తనే తీసుకెళ్ళి అరుగు మీద పడేసి వచ్చింది. తువ్వాళ్ళు చుట్టుకుని వల విసిరిన వీరుల్లో ఒక్కడు కూడా ఆ రోజు నోరెత్తలేదు. నన్ను అడిగితే, సినిమా వాళ్ళకి నేర్పింది ముఖం కప్పుకోవడం ఒక్కటే.

ఆ తర్వాత వానాకాలంలో నాన్న మంచం దిగలేకపోయాడు. జబ్బు బిందెడు నీళ్ళతో ఆగే దశ దాటిపోయిందన్నారు. టెక్కలి నుంచి విశాఖ పంపారు, విశాఖ నుంచి ఇంటికి పంపారు. నాకు అప్పుడు కూడా ఆ సినిమాయే గుర్తొచ్చి కడుపు మండిపోయింది. మా ఉద్దానంలో చచ్చినవాళ్ళెవరికీ రెండో పార్టు రాలేదు, ఏ నదీ మా నాన్నని తెచ్చి ఒడ్డున పడేయలేదు. శవాన్ని ఎత్తే ముందు పెద్దలందరూ కండువాలు దించుకుని గుమ్మంలో నిలబడితే, అమ్మ ఏడుపు ఆపి వాళ్ళ వైపు తిరిగింది. "ఇపుడు మాటాడొచ్చా? తప్పేత్తారా?" అని అడిగింది. డప్పు మొదలెట్టమని ఎవరో సైగ చేశారు.

సినిమా అసలు ముగింపు మొన్న పలాసలో చూశాను కదా. హీరో విలన్ని ఆనకట్ట మీదినుంచి తోసేస్తాడు, జనం హీరోని భుజాలకెత్తుకుంటారు, పాట వస్తుంది. నీళ్ళ సంగతి మళ్ళీ ఎవరూ మాట్లాడరు. ఆ కరెంటు పోకపోయినా మాకు ఒరిగేది ఏమీ ఉండేది కాదన్నమాట.

వీడియో పాక పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి. ఆ ట్యాంకుని ఒక్క చుక్క నీళ్ళు మోయకుండానే ముసలిదైపోయిందని కూల్చేశారు. రాంకోవెలకి కొత్త స్లాబు వేస్తూ పాత అరుగు తీసేశారు. దానిమీద కూర్చున్న పెద్దల్లో చాలామంది నాన్న పోయిన దారినే, అవే ఉబ్బిన కాళ్ళతో, పోయారు. పీతల పందేలు ఆడే పిల్లలు లేరు, అడ్డపొగ పీల్చే ముసలమ్మలు లేరు, టీవీ పక్కన పీట వేసుకుని కథ చెప్పేవాడు అక్కర్లేదు. ఎక్కడినుంచో పైపు నీళ్ళు కూడా వచ్చాయి. ఎవరైనా ఏ సంగతైనా ఎత్తొచ్చు, తప్పు వేసేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

పలాస నుంచి ఆ రోజు తిన్నగా అమ్మ దగ్గరికే వెళ్ళాను. ఆ దిక్కుమాలిన సినిమా మళ్ళీ వేస్తున్నారనీ, తీసినవాణ్ణి తన్నాలనిపించిందనీ, పట్టరాని కోపంతో చెబుతూ పోయాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ అంతా వింది.

"సినిమాని ఏల తిడతావే? అదేటి సేసినాది" అంది. "ఆ మేకని కోసింది ఎవులనుకున్నావు? మీ నాన్నే. కాల్లు నిలబడక, సెట్టుకి ఆనుకుని మరీ కోసినాడు. నాను వొద్దంటే, ఊరు సంతోసంగా ఉంది, ఊరుకోవే అన్నాడు. సచ్చిపోనోడిని ఏటంటాను గానీ, నా కోపం ఇప్పటికీ మీ నాన్న మీదే."