కొట్టివేత లేని పుస్తకం

పద్దెనిమిదేళ్ళుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. అయిదక్షరాల మాట. నేనే రాశాను, నా చేత్తో, గుండ్రంగా, ముచ్చటపడి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి కూడా చెప్పలేదు, అన్నం వడ్డించేటప్పుడు నా చేతి వంక చూస్తుందేమోనని. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరూ, ఆ ఊరి పేరూ మాత్రం అడగకండి.

పత్తీ మిరపా పండే చిన్న ఊరు అది. అక్కడ పంచాయతీ కార్యదర్శిగా చేశాను. వీధి దీపాలు, కొళాయిలు, పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, అన్నీ నా చేతి మీదుగానే. గ్రామసభ తీర్మానాల పుస్తకం కూడా నాదే. ఆ పుస్తకమంటే నాకు పొగరు. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్క కొట్టివేత ఉండదు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి దాన్ని పక్క ఊళ్ళ కార్యదర్శులకి చూపించి, ఇలా రాయండయ్యా అన్నాడు. ఆ పొగడ్తే నన్ను పాడు చేసిందా? కాదులెండి. పాడయ్యేవాడికి ఏదో ఒక సాకు దొరుకుతుంది.

కొట్టివేత లేకుండా ఎలా కుదిరిందంటే, తీర్మానం ముందురోజే రాసి పెట్టుకునేవాణ్ణి. జనం సభకి రాగానే దాని కింద సంతకాలో వేలిముద్రలో వేయించేవాణ్ణి, మధ్యలో లేచి పొలాలకి పోతారని. అందరికీ తెలిసిన పద్ధతే. ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ ఏడు ఊరికి కమ్యూనిటీ హాలు మంజూరైంది. ఊరంతా సంబరపడింది. పెళ్ళికి టెంటు వేసుకుని మబ్బు వంక చూసే బాధ పోతుందని. సర్పంచిగారు ఊరికి తూర్పున తుమ్మచెట్లున్న పోరంబోకు స్థలం చూపించారు. ఆ స్థలంలో ఒక మూల, వెనకటి రోజుల్లో నెలల పిల్లలు పోతే పూడ్చేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసా? తెలియదని రాయబోయి ఇప్పుడే ఆగాను. తెలుసు.

సభలో తీర్మానం చదివాను. చదవడం అయ్యేసరికి కోటమ్మ లేచింది. మిరప కోతలకి వెళ్ళే మనిషి, భర్త పోయాడు. పుట్టిన ఒక్క ఆడపిల్లా బారసాల కాకముందే పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు. పేరు లేదు, ఫోటో లేదు, ఆ మూల ఉన్న చోటు తప్ప ఆమెకి ఏమీ మిగల్లేదు. గుర్తుకి మార్టూరు నుంచి తెచ్చుకున్న గ్రానైటు ముక్క ఒకటి పాతుకుంది. తాను ఒప్పుకోననీ, అక్కడ తన బిడ్డ ఉందనీ అంది. గట్టిగానే అంది. అందరూ విన్నారు. అందరికీ హాలు కావాలి, ఎవరూ మాట్లాడలేదు. సర్పంచిగారు నా వంక చూశారు. నన్ను ఆయన బెదిరించలేదు, కనీసం తల కూడా ఊపలేదు. నేను పేజీ వంక చూశాను. ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని ఉంది, సిరా కూడా ఆరిపోయి ఉంది. ఆ మాట కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, ఆమె అభ్యంతరం రెండు లైన్లు రాస్తే సరిపోయేది. రాసి ఉంటే పైవాళ్ళు వచ్చి చూసేవాళ్ళు. బడి పక్కన ఖాళీ స్థలం ఉంది, హాలు అక్కడైనా లేచేది. నేను పుస్తకం మూశాను. ఒక బిడ్డ చోటు కంటే నాకు నా పేజీ ముఖ్యమైందా? ఇంత చిన్న కారణానికి మనిషి ఇంత పని చేస్తాడా? నేను చేశాను.

తుమ్మచెట్ల దగ్గర ముగ్గు పోసిన రోజు మధ్యాహ్నం ఆమె ఆఫీసుకి వచ్చింది. పుస్తకంలో ఏముందో చదవమంది. చదివాను.

“ఏకగ్రీవంగా అంటే ఏంది నాయనా?”

“అందరూ ఒప్పుకున్నారని.”

“నేను లేచి వద్దన్నా గదా. నువ్వు నా ఎదురుగ్గానే కూర్చోనుంటివి.”

“నాకు గుర్తులేదమ్మా.”

ఆమె పేజీ మీదికి వంగింది. “ఇది నా వేలేనా?”

“నీదేనమ్మా.”

“నా నోరు వద్దంటే నా వేలు సరేనందా నాయనా?”

ఆమె బొటనవేలిని కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది. ఎప్పుడో ఆరిపోయిన సిరాని అంతసేపు తుడిచింది. తర్వాత వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు, తర్వాత కూడా ఎక్కడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

చదును చేసేముందు ఆమె ఆ రాయిని తానే పెకలించి మోసుకుపోయి ఇంటి గడప పక్కన పెట్టుకుంది. నేను ఆ వీధి మానేసి చుట్టు తిరిగి ఆఫీసుకి పోయేవాణ్ణి. హాలు లేచింది. ఆ మూల చేతులు కడుక్కునే కొళాయిలు వచ్చాయి. ఊళ్ళో ఎన్ని పెళ్ళిళ్ళకి తిన్నానో, ఒక్కసారి కూడా అక్కడ చెయ్యి కడగలేదు. ఎంగిలి చెయ్యి ఎండబెట్టుకుంటూ ఇంటికి పోయేవాణ్ణి. మా ఆవిడ ఇదేం చాదస్తమని నవ్వేది.

పోయిన ఏడాది కోటమ్మ చనిపోయింది. రిటైరై వేరే ఊళ్ళో ఉన్నా కబురు తెలిసి వెళ్ళాను. ఆమె తమ్ముడి కొడుకులు పెద్దకర్మ భోజనాలు ఆ హాల్లోనే పెట్టారు. వాళ్ళకి ఏం తెలుసు పాపం. బతికున్నన్నాళ్ళూ ఆ గుమ్మం తొక్కని మనిషి ఫోటో లోపల దండేసి ఉంది. తిన్నాను. లేచి కొళాయిల దగ్గరికి వెళ్ళాను. నా ముందు పదిమంది కడుక్కుంటున్నారు, నీళ్ళు కిందికి పోతున్నాయి. వెనక్కి వచ్చేశాను.

ఆ పుస్తకం ఇంకా ఆ ఆఫీసు బీరువాలో ఉండే ఉంటుంది. దాన్ని దిద్దే హక్కు ఇప్పుడు నాకు లేదు. క్షమించమని అడగడానికి ఆమె లేదు, మిమ్మల్ని అడిగే ముఖం లేదు. ఆ రోజు రాయాల్సింది మాత్రం ఇక్కడ రాస్తున్నాను. కోటమ్మ అనే గ్రామస్థురాలు లేచి అభ్యంతరం చెప్పారు. కారణం, ఆ స్థలంలో ఆమె బిడ్డ ఉంది. తీర్మానం ఏకగ్రీవం కాదు.

ఈ కాగితంలో మూడు చోట్ల కొట్టివేతలు పడ్డాయి. తిరగరాయకుండా అలాగే ఉంచేశాను.