కవరు విప్పని సీటులో ఆముదం మరక

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. భయం వల్ల కాదు, చిరాకు వల్ల. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పాతికేళ్లకు పైగా పనిచేస్తున్నాను. "ఆ సంతకం నాది కాదు మేడం", "నా జవాబు పత్రం దానంతటదే మాయమైంది మేడం" అనే వింతలు నా బల్ల ముందుకు రోజుకొకటి వస్తాయి. వెతికితే ప్రతి వింత వెనకా ఒక మనిషి దొరుకుతాడు. దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఇన్నేళ్లూ ఆ నమ్మకంతోనే ఉన్నాను.

అందుకే ఇది రాయడం నాకే నచ్చడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పేసి ఊరుకుంటాను.

ముందు నా గురించి ఒక మాట. నాకు అసహ్యం జాస్తి. ఎదుటివాళ్ల చెమట, ఎంగిలి, తలనూనె తలుచుకుంటేనే వెళ్లి స్నానం చెయ్యాలనిపిస్తుంది. తార్నాక చౌరస్తాలో బస్సెక్కితే పట్టుకునే కమ్మీ నిండా వెయ్యి చేతుల జిడ్డు. ఛీ! షేర్ ఆటోలో అయితే పక్కవాడి చంక సరిగ్గా మన ముక్కు దగ్గరికే వస్తుంది. ఏళ్ల తరబడి అలా ముక్కు మూసుకుని తిరిగి తిరిగి, చివరికి యాభై ఒకటో ఏట ఒక చిన్న కారు కొన్నాను.

క్యాంపస్ రోడ్ల మీద పొద్దున్నే వాకింగుకు వచ్చేవాళ్ల తిట్లు తింటూ డ్రైవింగు నేర్చుకున్నాను. మా ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు స్కూటరు తప్ప ఇంకేదీ నడపడం రాదు. కాబట్టి కారు నాది, అందులో ఎవరు కూర్చోవాలో చెప్పేదీ నేనే. ఆ మాట ఇంట్లో మొదటి రోజే చెప్పేశాను.

ఎవరిని దృష్టిలో పెట్టుకుని చెప్పానో ఆయనకు తెలుసు. రూతమ్మ వదిన. మా ఆయనకు అక్క. వాళ్లది రేపల్లె వైపు. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచి చదివించింది, పెళ్లి చేసుకోలేదు. లాలాపేటలో ఒక చర్చివాళ్లు నడిపే ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి, ఇప్పటికీ ఆ ఆవరణలోనే ఒక గదిలో ఉంటోంది. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. కానీ తలకు ఆముదం రాస్తుంది. రాయడమంటే అలా ఇలా కాదు, చెవుల వెనక నుంచి మెడ మీదికి కారేంత. ఆ వాసన ఆవిడ కంటే ముందు మా గడప దాటేది, ఆవిడ వెళ్లాక కూడా పోయేది కాదు.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి భోజనానికి వచ్చేది. నేను సోఫా మీద కూర్చోనిచ్చేదాన్ని కాదు. "ఇక్కడ గాలి బాగా వస్తుంది వదినా" అంటూ బాల్కనీ గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసేదాన్ని. నా ఎత్తుగడ ఆవిడకు తెలిసే ఉంటుంది. నవ్వి అందులోనే కూర్చునేది.

కారు రావడానికి రెండు నెలల ముందు ఆవిడ రావడం మానేసింది. హాస్టలు పిల్లలకు పరీక్షలని మా ఆయన అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగానే అనిపించింది.

కారు తెచ్చిన రోజున పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఫోటోలు తీసుకున్నాం. సీట్ల మీద కంపెనీవాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు మాత్రం నేను తీయనివ్వలేదు. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, టీవీ రిమోటుకు కూడా కవరు విప్పం. తల ఆనించే దిండ్లకు విడిగా కవర్లు, వాటికి కింద టేపు అంటించి ఉన్నాయి. ఆ రోజు ఫోటోల్లో కవర్లు అద్దంలా ఉన్నాయి.

కొత్త బండికి చిన్న చిన్న రోగాలుంటాయని అందరూ చెప్పారు. ఉన్నాయి. ఎడమ తలుపులో కటకటమని ఒకటే చప్పుడు. విప్పి చూస్తే లోపల క్లిప్పు ఊడి ఉంది. వైపరు కీచుమని అరిస్తే రబ్బరు మార్చారు. గడియారం రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడేది, అదీ సరిచేశారు. వీటన్నిటినీ వారం, కిలోమీటర్లు వేసి ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఆఫీసు అలవాటు. సరైనదానికి గీత కొట్టేదాన్ని. చివరికి ఒక్కదానికి గీత కొట్టలేకపోయాను.

ఒక శుక్రవారం పొద్దున కారు తలుపు తీయగానే ఆముదం వాసన గుప్పుమంది.

లోపల ఏదో పాలిష్ పూశారనుకున్నాను. అద్దాలు దించి ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రానికి తగ్గింది. మరుసటి శుక్రవారం మళ్లీ అదే కంపు. కింద పరిచిన మ్యాట్లు ఎత్తి చూశాను, డిక్కీ వెతికాను, ఏసీ ఫిల్టరు మార్పించాను. సర్వీసు సెంటర్లో ఒక నడివయసాయన ఉంటాడు. తల లోపలికి పెట్టి రెండుసార్లు పీల్చాడు.

"కొత్త బండి స్మెల్ మేడం. గా కవర్లు తీసెయ్యుండ్రి, పోతది."

కవర్లు తీస్తే సీట్లు పాడవుతాయని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి ఎడమవైపు ముందు సీటు చూస్తే, తల ఆనించే దిండు మీద అరచేయంత మరక. పసుపుపచ్చగా, జిడ్డుగా మెరుస్తోంది. టిష్యూతో తుడిచాను, పోలేదు. సబ్బు నీళ్లతో రుద్దాను, పోలేదు. అప్పుడు తెలిసింది, మరక కవరు పైన లేదు. లోపల ఉంది.

కింద అంటించిన టేపు అలాగే ఉంది. గోరు పెట్టిన ఆనవాలు కూడా లేదు.

తార్నాకలో సీట్లు కుట్టే ఒక పెద్దాయనకు చూపించాను. సీటులోని స్పాంజి నుంచి నూనెలాంటిది ఊరుతుందేమోనని అడిగాను. ఆయన కవరు మీద ముక్కు ఆనించి, "స్పాంజి నూనె గాదమ్మా ఇది. ఆముదం. మా నాయనమ్మ దగ్గర గిదే వాసనొస్తుండె" అన్నాడు.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. నోటుబుక్కు తీసి చూశాను. వాసన రాసిన ప్రతిసారీ శుక్రవారమే. గురువారాల్లో నేను పరీక్షా కేంద్రాల తనిఖీకి ఆఫీసు జీపులో వెళ్తాను. ఆ రోజు కారు మా అపార్టుమెంటు కిందే ఉంటుంది. రెండో తాళం చెవి మా ఆయన దగ్గర ఉంటుంది. కిలోమీటర్లు చూస్తే బండి అంగుళం కదలలేదు. అంటే నేను లేనప్పుడు అక్కను పిలిపించి, కొత్త కారులో కూర్చోబెట్టి మురిపిస్తున్నాడన్నమాట. టేపంటారా, తీసి మళ్లీ అంటించి ఉంటారు.

వాచ్‌మన్‌ను అడిగాను. "ఎవ్వలు రాలే మేడం. గురువారం సారు గూడ ఉండడు గదా. పొద్దుగాల బోతే పొద్దుమీకినంక వస్తుండు" అన్నాడు.

గురువారాలు ఇంట్లోనే ఉన్నానని కదా ఆయన నాతో చెప్పింది! అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం. ఆ రాత్రి నిలదీస్తే ఆయన తల దించుకుని కంచంలో వేళ్లు తిప్పాడు. దాంతో నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది.

ఆదివారం ఆరాధన కాగానే కారు నేరుగా లాలాపేటకు తిప్పాను. మా ఆయన దారి పొడుగునా "సుగుణా, ఇవాళ వద్దు, ఇంకో రోజు మాట్లాడదాం" అని బతిమాలాడు. నేను వినలేదు.

వదిన గదిలో మంచం మీద కూర్చుని ఉంది. అంత ఎండలోనూ తల మీంచి శాలువా కప్పుకుంది. నన్ను చూడగానే లేవబోయింది. నేను గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టాను. పరాయి వస్తువు ముట్టుకునే ముందు అడగాలని తెలియదా అన్నాను. మీ ఆముదం కంపుకు నా కొత్త బండిలో ఊపిరాడడం లేదన్నాను. మీ తమ్ముడూ మీరూ కలిసి దొంగతనంగా నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయడానికి సిగ్గేస్తోంది.

ఆవిడ అంతా విన్నది. తర్వాత మెల్లగా శాలువా కిందికి జార్చింది.

తల మీద ఒక్క వెంట్రుక లేదు. కనుబొమలు కూడా లేవు.

"నూనె ఏడ రాసుకోను సుగుణా?" అంది. కోపంగా అనలేదు, నన్నే సాయం అడుగుతున్నట్టు అంది.

మా ఆయన గోడకు ఆనుకుని ఏడ్చాడు. రొమ్ము క్యాన్సరట. ప్రతి గురువారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆస్పత్రి మంచం మీద ఇంజెక్షన్లట. ఆటోలో తీసుకెళ్లి ఆటోలోనే తీసుకొస్తున్నాడట. జుట్టంతా కారు రాకముందే రాలిపోయింది. ఆముదం సీసా హాస్టలు ఆయాకు ఇచ్చేసి అప్పటికే చాలా రోజులైంది. అప్పుడు గమనించాను, ఆ గదిలో ఫినాయిలు వాసన ఉందే తప్ప ఆముదం వాసన లేనే లేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. ఇంకా అరుస్తూనే ఉన్నాను చూడండి.

"వాణ్ణేం అనబాక. నేనే చెప్పొద్దన్నా. వాంతులూ అయ్యీ ఉంటయి గదమ్మా. నీకు అసయ్యం గదా ఇట్టాంటియి" అంది వదిన.

ముప్పై ఏళ్లు లోకం మీద ఉమ్మేసిన రోతంతా ఆ నిమిషాన నా మొహం మీదే పడింది. నా మీద నాకే వెగటు పుట్టింది. ఆస్పత్రి ఫైలు తీసుకుని నోటుబుక్కు పక్కన పెట్టి చూశాను, తప్పు పట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఏ శుక్రవారం కారులో వాసన వచ్చిందో, దాని ముందు రోజు వదిన ఆస్పత్రిలోనే ఉంది. పొద్దున చేర్చుకున్న వేళ, సాయంత్రం పంపిన వేళ, నర్సు సంతకం అన్నీ ఉన్నాయి. సంతకాలు చూడటం నా వృత్తి. అవి దొంగ సంతకాలు కావు.

ఆ గురువారం సెలవు పెట్టి పొద్దున్నే కారు తీసుకుని హాస్టలు గేటు ముందు నిలబడ్డాను. రానంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆవిడ రానే రానంది. "ఆటో అలవాటేలే అమ్మా, నీకెందుకు శ్రమ" అంది. నేను వెళ్లి ఎడమవైపు తలుపు తీసి, ఆవిడ చూస్తుండగానే సీటు కవర్లు చించేశాను. దిండు కవరు కూడా టేపుతో సహా లాగేశాను. లోపలి బట్ట శుభ్రంగా, పొడిగా ఉంది. కవరు లోపలి వైపు మాత్రం చెయ్యి పెడితే వేలికి నూనె అంటుకుంది. వాసన చూశాను. ఆముదమే. మా ఆయనా చూశాడు.

"వదినా, మీరు ఎక్కకపోతే నేనీ రోడ్డు మీదే కూర్చుంటాను" అన్నాను. మొండితనం తప్ప నాకు ఇంకో విద్య రాదు. ఆవిడ తమ్ముడి వంక చూసింది. తర్వాత చీర కుచ్చిళ్లు సర్దుకుని ఎక్కింది.

నీడ ఉంటుందని క్యాంపస్ లోపలి నుంచి పోనిచ్చాను. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడూ అదే దారి. ఇంజెక్షన్ల నీరసానికి ఆవిడ కళ్లు వాలిపోతున్నాయి, మెడ నిలవడం లేదు. అయినా ముందుకు వంగి రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకుని కూర్చుంది. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా ఇంకా గట్టిగా పట్టుకుంటోంది. బండి పక్కకు ఆపాను.

"వెనక్కి వాలండి వదినా. హాయిగా తల ఆనించండి."

"వద్దులేమ్మా" అంది. "కొత్త బండి. మరకవుద్ది."

ఆ తర్వాత మిగిలిన ఇంజెక్షన్లన్నిటికీ నేనే తీసుకెళ్లాను. ఇప్పుడు కొత్త వెంట్రుకలు గింజంత మొలిచాయి. ఆదివారాలు మా ఇంటికి వస్తోంది, సోఫాలో కూర్చోమని బలవంతం చేస్తే అంచున కూర్చుంటోంది. కారులో ఆ వాసన మళ్లీ రాలేదు. కొన్ని శుక్రవారాలు కావాలనే అద్దాలన్నీ మూసుకుని కూర్చుని చూశాను. ఏమీ లేదు.

చించిన కవరు నా బీరువాలో ఉంది. దాని మీద మరక ఎవరో బరువంతా వదిలేసి, తృప్తిగా వెనక్కి వాలినట్టు నిండుగా ఉంటుంది. అది అక్కడికి ఎలా వచ్చిందో వెతికాను, ఇంకా వెతుకుతూనే ఉన్నాను, మనిషి దొరకలేదు. మా వదిన మాత్రం నా కారులో ఇంతవరకూ ఒక్కసారి కూడా తల వెనక్కి ఆనించలేదు.