ఏకాహంలో ఎలక్ట్రిక్ గిటారు

ఆ రోజుల్లో గుంతకల్లులో రైళ్లు ఎక్కువ, వానలు తక్కువ, రాక్ బ్యాండు ఒక్కటే. ఆ ఒక్క బ్యాండులో గిటారు నాది. అయితే కథలోకి వెళ్లేముందు ఒక సంగతి ఒప్పేసుకోవాలి. నేను ఏది చెప్పినా పెంచి చెబుతాను. ఇది నాకు తెలుసు, నా స్నేహితులకు తెలుసు, మా ఇంటావిడకు మరీ బాగా తెలుసు. ఆవిడ నా మాటలకు ఒక కొలమానం తయారు చేసి పెట్టుకుంది. నేను ఏనుగు అంటే దూడ అనుకుంటుంది, దూడ అంటే పిల్లి అనుకుంటుంది, పిల్లి అంటే అసలేమీ లేదని తేల్చేసి కూరలో ఉప్పు చూసుకోవడానికి వెళ్లిపోతుంది. మీరూ అదే కొలమానంతో చదువుకోండి. కానీ ఈ కథలో ఒకచోట పెంచడం కాదు, లేనిదాన్నే పుట్టించాను. అదెక్కడో చివర్లో నేనే చెబుతాను. ఈలోగా పట్టుకోగలిగితే పట్టుకోండి.

మా బ్యాండు పేరు 'ది లూప్ లైన్స్'. మెయిలు బండి దర్జాగా వెళ్లిపోతుంటే గూడ్సు బండి పక్కకు తప్పుకుని పడిగాపులు కాసే పట్టాలను లూప్ లైన్ అంటారు. సంగీత ప్రపంచంలో మా స్థానానికి అంతకన్నా సరిపోయే పేరు దొరకలేదు. మా నాయకుడు డీజిల్ అన్న. షెడ్డులో ఇంజన్లు బాగుచేసేవాడు. భుజాల మీదికి జుట్టు, ఆ జుట్టుకు పట్టించింది కొబ్బరినూనో గ్రీజో ఎవరికీ తెలియదు. ఆయన గొంతెత్తితే బాగుచేయకుండానే ఇంజన్లు స్టార్టయ్యేవి (ఏనుగు). డ్రమ్ములు వాయించేవాడిని డబ్బా అనేవాళ్లం, ఎందుకంటే అతని డ్రమ్ముల్లో సగం డబ్బాలే. ఇక నేను. డిగ్రీ తప్పి, నాయన గార్డు ఉద్యోగం మీద తిని తిరుగుతూ, కిటికీ అద్దంలో నన్ను నేను చూసుకుంటూ తీగలు మీటేవాడిని. గిటారు మోగేదాని కన్నా నేను తల ఊపేదే ఎక్కువ.

డీజిల్ అన్న పెట్టిన శాసనం ఒకటుండేది. "బ్యాండంటే సంసారం మాదిరప్పా. లూప్ లైన్స్‌లో ఉండేవాడు బయట యాడా వాయించకూడదు. ఆడొక పెండ్లి, ఈడొక నాటకం అని తిరిగితే చెయ్యి చెడిపోతాది. అట్ల తిరిగినోడు నాకు మళ్లా కండ్లబడకూడదు." ఈ మాట చెప్పేటప్పుడు ఆయన చేతిలో పెద్ద స్పానరు ఉండేది. మేం భక్తిగా తలూపేవాళ్లం.

తలూపిన వారంలోనే నేను ధర్మవరంలో ఒక మగ్గాల వాళ్లింటి పెండ్లిలో బ్యాండుమేళంతో కలిసి వాయించాను. క్లారినెట్ ఆయన ఎంతో మర్యాదగా "నువ్వూ ఒక చెయ్యి వెయ్యప్పా" అన్నాడు. నేను వేసిన చెయ్యికి పెండ్లికొడుకు ఎక్కిన గుర్రం బెదిరి, అతన్ని ఆడపెండ్లివాళ్ల విడిదికి కాకుండా పట్టుచీరల కొట్టులోకి తీసుకుపోయింది. (అది దూడ. నిజానికి కొట్టు వాకిలి దగ్గరే ఆగింది.) తర్వాత ఒక పౌరాణిక నాటకంలో అర్జునుడు వింటినారి లాగినప్పుడల్లా తెర వెనక నుంచి తీగ మీటే పని చేశాను. అర్జునుడు బాణం వేయకముందే నేను మీటేస్తే, ఎదురుగా ఉన్నవాడు ముందుగానే పడిపోయేవాడు. ఇవన్నీ అన్నకు తెలియకుండా, గిటారును దుప్పట్లో చుట్టుకుని, ఆస్పత్రికి రోగిని మోసుకుపోయినట్టు తీసుకుపోయేవాణ్ణి.

ఇలా ఉండగా మాకు అదృష్టం తగిలింది. మద్రాసు నుంచి రికార్డులు తీసే కంపెనీ ఆయన ఒకరు, మా పాట వినడానికి గుంతకల్లు వస్తున్నారు. ఒక సాయంత్రం ఆరుగంటలకు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో మా కార్యక్రమం. ఆయన మెచ్చితే రికార్డు, రికార్డు వస్తే డీజిల్ అన్న షెడ్డు వదిలేసి పాడుకుంటూ బతుకుతాడు. పదేళ్లుగా ఆయన కోరిక అదొక్కటే. ఇంజను కింద పడుకుని పాడుకునే పాటను మనుషుల ముందు నిలబడి పాడాలని. ఆ వారమంతా ఆయన వేడినీళ్లు తప్ప తాగలేదు, ఎవర్నీ తిట్టలేదు. తిడితే గొంతు పాడవుతుందని స్పానరుతో సైగ చేసేవాడు.

సరిగ్గా అదే రోజు బెళుగుప్ప పక్కన మా మేనమామ ఊళ్లో ఏకాహం పెట్టారు. శెనక్కాయ విత్తి ఎదురుచూస్తే చినుకు లేదు. అందుకని వాన కోసం పొద్దు పొడిచిన దగ్గర్నుంచి మర్నాడు పొద్దు పొడిచేదాకా తెగని భజన. ఏకాహంలో కట్టుబాటు ఒక్కటే: పాట తెగకూడదు, శ్రుతి ఆగకూడదు. పాడేవాళ్లు మారవచ్చు, తాళం వేసేవాళ్లు మారవచ్చు. శ్రుతి పట్టినవాడు మాత్రం ఇంకొకడు వచ్చి అందుకునేదాకా లేవకూడదు. తెగిందా, మళ్లీ మొదటికి. మామ మనిషిని పంపించాడు: "హార్మోనియం అయివారికి అన్నం తినే పొద్దన్నా వెసులుబాటు ఉండల్ల. అల్లుణ్ణి ఒక గడియ వచ్చి కూసోమని చెప్పు." గడియే కదా అనుకున్నాను. తెల్లారుజామున బస్సెక్కి మధ్యాహ్నానికల్లా వచ్చేయవచ్చు. నాయనకు మాత్రం చెప్పి బయల్దేరాను.

గుడి ముందు పందిరి, వేపచెట్టుకు కట్టిన మైకు, దాన్ని నడిపే లారీ బ్యాటరీ. నా గిటారు తీగను ఆ మైకు పెట్టెకే తగిలించారు. నేను శ్రుతి అందుకోగానే అయివారు ఎంతో ఆనందంగా లేచి వెళ్లి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నారు. బాగా తిన్నారు. ఆ బజ్జీలు ఎన్నో నేను చెబితే మీరు మా ఇంటావిడ కొలమానం తీస్తారు కాబట్టి ఫలితం మాత్రం చెబుతాను: అయివారు చెంబు పట్టుకుని కంచె వైపు వెళ్లారు, వచ్చారు, మళ్లీ వెళ్లారు. పందిట్లోకి అడుగు పెట్టబోవడం, కడుపు పట్టుకుని వెనుదిరగడం. ఆ ఊళ్లో శ్రుతి పట్టగల మూడో మనిషి లేడు.

నేను వాయిస్తూనే మామకు కళ్లతో సైగ చేశాను. మామ పాడుతూనే నా చెవి దగ్గరికి వంగాడు. "లేస్తే మర్యాదగా ఉండదు అల్లుడా. ఊరంతా ఉపవాసముండాది. నువ్వు లేస్తివంటే మళ్లా మొదులు పెట్టల్ల, మీ అత్త నిన్ను ఊరు దాటనిస్తాదా?" అత్త ఎదురుగానే కూర్చుని ఉంది. నా వైపు చూసి ప్రేమగా నవ్వింది. ఆ నవ్వులో నాకు స్పానరు కనిపించింది.

మధ్యాహ్నం బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. నేను రామనామానికి తీగలు మీటుతూ, మనసులో మద్రాసాయనను, డీజిల్ అన్నను తలుచుకుంటూ చెమటలు కక్కాను. (ఆ చెమటకు పక్క పొలంలో రెండు చాళ్లు తడిశాయి. ఏనుగు.)

అక్కడ గుంతకల్లులో అన్న మా ఇంటికి వెళ్లాడట. నాయన చాలా నెమ్మదిగా, "వాడు భజనకి పోయినాడు. వాని వాయింపుడు కావాలని పిలిచినోళ్లు దొరికినారు, పోనీలేప్పా" అన్నాడట. అన్న, డబ్బా ఇద్దరూ శెనక్కాయ లారీ ఎక్కి, మధ్యాహ్నం ఎండ కాస్త వాలేసరికి పందిరి ముందు దిగారు. అన్న జుట్టు గాలికి లేచి నిలబడి ఉంది. ఊళ్లోవాళ్లు ఆయన్ను చూసి ఎవరో సాధువు అనుకుని దారి ఇచ్చారు.

పందిట్లోకి వచ్చినవాడు ఊరికే మాట్లాడకూడదు. అడుగు పెడితే పాడాల్సిందే. అన్న నోరు తెరిచే లోపలే ఎవరో ఆయన చేతికి తాళాలిచ్చి మైకు ముందు నిలబెట్టారు. ఆయనకు వేరే దారి లేకపోయింది. ఆ వారమంతా దాచుకున్న గొంతుతో, భజన వరసలోనే అందుకున్నాడు.

"ఎవనికి జెప్పీ వచ్చితివిరా రామా!"

ఊరంతా ఒక్క గొంతుతో, తాళం తప్పకుండా: "ఎవనికి జెప్పీ వచ్చితివిరా రామా!"

"ఆరు గంటలకు ఆటుందంటిని గదరా రామా!"

"ఆరు గంటలకు ఆటుందంటిని గదరా రామా!"

"మద్రాసాయన వచ్చి కూసోనుండాడు రామా! నా కొంప ముంచకురా రామా!"

ముందు వరసలో ఒక అవ్వ కళ్లు తుడుచుకుంది. "దేవుణ్ణి ఎంత చనువుగా అడుగుతాండాడమ్మా బిడ్డ" అంది. వేపచెట్టు మైకు ఈ పాటను నాలుగు ఊళ్లకు పంచింది. నేను ఊరుకుంటానా? తీగ ఆపకుండా నేనూ అందుకున్నాను.

"అయివారి కడుపు చెడిపాయెనన్నా రామా! నేనెట్ల లేతునన్నా రామా!"

ఊరంతా అయివారి కడుపు సంగతి భక్తిగా మళ్లీ పాడింది. కంచె అవతల నుంచి అయివారి గొంతు కూడా బలహీనంగా వినిపించింది.

అన్న నా ముఖం చూశాడు, ఊరివాళ్ల ముఖాలు చూశాడు. పొద్దున్నుంచి నీళ్లు కూడా ముట్టని ముఖాలవి. ఆయన తాళాలు కింద పెట్టి, గబగబా వచ్చి, పక్కన ఖాళీగా ఉన్న హార్మోనియం ముందు కూర్చున్నాడు. తిత్తి తెరిచి, నా శ్రుతిలో వేలు కలిపి, "ఇంక లే, పో. బస్సెక్కు. నువ్వన్నా పోయి ఆయప్ప ముందర వాయించు" అన్నాడు. నేను లేవబోయి ఆగిపోయాను. ఆయన వేళ్లు ఆ మెట్ల మీద సొంత ఇంట్లో తిరిగినట్టు తిరుగుతున్నాయి. పాడటం తప్ప ఏ వాయిద్యమూ ముట్టడు కదా అనుకున్న మనిషి!

ఇంతలో వెనక నుంచి ఒక పెద్దాయన పాట మధ్యలో గట్టిగా అన్నాడు. "ఏమప్పా, మొన్న కంబదూరు నాటకంలో హార్మోనియం వాయించినోనివి నువ్వే గదా? ఆ జుట్టు నేను మరిచిపోలేదు!"

అన్న తల వంచుకున్నాడు. పెద్దాయన అంతటితో ఆగలేదు. డోలు దగ్గరికి జరుగుతున్న డబ్బాను చూసి, "ఈయప్ప పీర్ల పండగకి మావూర్లో తప్పెట వాయించల్యా?" అన్నాడు. సంసారం గుట్టంతా వేపచెట్టు మైకులో బయటపడింది. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అన్న ముందు నవ్వాడు. నవ్వుతూనే కొత్త చరణం ఎత్తుకున్నాడు.

"అందరమూ దొంగలమేరా రామా!"

ఆ ఊరు ఆ చరణం పాడినంత గట్టిగా ఇంకేదీ పాడలేదు.

డబ్బా డోలు అందుకున్నాడు. అన్న హార్మోనియం, నా గిటారు, డబ్బా డోలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయాయి. మేం ఇన్‌స్టిట్యూట్‌లో నెలల తరబడి సాధన చేసినా రాని జోరు అది. సాయంత్రం బస్సు వచ్చింది. కండక్టరు దిగి, పందిరి దగ్గర నిలబడి, రెండు చరణాలు పాడి, ఎవరూ ఎక్కరని తెలుసుకుని వెళ్లిపోయాడు. "అన్నా, నువ్వు పో, నేనుంటా" అన్నాను. అన్న తిత్తి ఊపుతూనే ఉన్నాడు. "నేను లేకుండా నువ్వేం పాడతావు, నువ్వు లేకుండా నేనేం పాడతా? వాయించరా" అన్నాడు. ఆ మాట అంటూ బస్సు పోయిన దారి వైపు ఒకసారి చూశాడు. శ్రుతి మాత్రం తడబడలేదు.

పొద్దు వాలే వేళకు పడమట మబ్బు కమ్మింది. మొదటి చినుకు మైకు మీద పడి టంగుమంది. తర్వాత పందిరి ఆకుల్లోంచి కురిసింది. ఎవరూ లేవలేదు, లేవకూడదు కూడా. ఆడవాళ్లు పరిగెత్తి శెనక్కాయలు ఎండేసే పట్టలు తెచ్చి మా నెత్తి మీద పట్టుకున్నారు. బ్యాటరీ తడిసి మైకు మూగబోయింది. ఇక మైకు లేదు, గిటారుకు గొంతు లేదు. అయినా తీగలు మీటుతూనే ఉన్నాను. అన్న తల వెనక్కి వాల్చి, వానలో జుట్టు తడుపుకుంటూ పాడాడు. వెలవెలబోయిన ముఖంతో అయివారు వచ్చి చేరినా అన్న హార్మోనియం వదల్లేదు. మర్నాడు పొద్దు పొడిచాక హారతి పట్టి, మామ మాకు ఒక్కొక్కరికి కొత్త తుండుగుడ్డ భుజాన వేశాడు. అన్న ఆ తుండుతో జుట్టు తుడుచుకుని, దాన్ని చూసి, "గ్రీజు కాదప్పా, కొబ్బరినూనే" అన్నాడు.

ఇక ఒప్పుకోలు. వాన అబద్ధం అనుకుంటున్నారు కదూ? వాన నిజం. మా ఇంటికి వస్తే అడుగున ఉబ్బిపోయిన గిటారు చెక్క చూపిస్తాను. పాట పాడుతూ పోట్లాడుకోవడమూ నిజమే, ఆ అవ్వ మనవడు ఇప్పటికీ నన్ను చూస్తే "రామా" అని చివర చేర్చే మాట్లాడతాడు. నేను పుట్టించింది మద్రాసాయనను. అలాంటివాడు ఎవడూ రాలేదు, వస్తానని కూడా అనలేదు. ఆ సాయంత్రం మాకు ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవంలో తంబోలాకూ కుర్చీలాటకూ నడుమ పావుగంట ఇచ్చారు, అంతే. ఆ పావుగంట కోసమే అన్న వారమంతా వేడినీళ్లు తాగాడు, శెనక్కాయ లారీ ఎక్కి నా కోసం వచ్చాడు. ఆ మాట ఉన్నదున్నట్టు రాస్తే మీరు నమ్మరేమోనని, అంతకు తగినవాణ్ణి ఒకణ్ణి మద్రాసులో రైలెక్కించాను.

ఇన్‌స్టిట్యూట్‌లో మేం పాడినప్పుడల్లా కుర్చీలే ఎక్కువ ఉండేవి. మేం పాడిన చరణాన్ని నోరారా తిరిగి పాడినవాళ్లు ఆ ఒక్క ఊరివాళ్లే. ఇప్పుడు నాకూ జుట్టు లేదు, అన్నకూ లేదు. ఎప్పుడన్నా కలిస్తే ఆయనే ముందు ఎత్తుకుంటాడు: "ఎవనికి జెప్పీ వచ్చితివిరా..." నేను ఊరంత గొంతుతో తిరిగి పాడతాను. వంటింట్లోంచి మా ఇంటావిడ వింటుంది. ఆ ఒక్క పాటకు మాత్రం కొలమానం బయటకు తీయదు.