ఆపమన్నారట

కరాటే మనిషికి వినయం నేర్పుతుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, నాకైతే అబ్బలేదు. నాకు నేర్పిన సర్‌కు అసలే అబ్బలేదు. ఆయన క్లాసు జరిగే హాలు గోడ మీద నీలం రంగుతో గౌరవం, సహనం, సత్యం, నిగ్రహం అని పెద్ద అక్షరాల్లో రాయించాడు. ఆ గోడ కిందే నిలబెట్టి నన్ను అబద్ధాలకోరు అన్నాడు.

మాది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. నేను పుట్టింది మాత్రం సూరత్‌లోనే. మరమగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. నాన్న పాండేసర దగ్గర ఒక ఖాతాలో మగ్గాలు నడిపేవాడు. పదో తరగతి అయ్యాక నన్నూ అక్కడే బాబిన్లకు దారం చుట్టే పనిలో పెట్టాడు. మగ్గాలకూ మాకూ మధ్య ఒక్క రేకు గోడ ఉండేది. ఆ మోతలో నోటితో మాట్లాడుకోవడం దండగ. పెదాలు చూసి, చేతులు చూసి అర్థం చేసుకోవాలి. రెండు వేళ్ళు విడదీస్తే దారం తెగిందని, అరచెయ్యి పైకెత్తితే ఆపమని. ఇంటికి వచ్చాక అమ్మా నాన్నా నేనూ అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. మా గల్లీలో ఎవరూ నాకు వినపడదు అనరు. నువ్వే గొణుగుతున్నావు అంటారు.

కరాటేలో నేను చేరింది ఆత్మవికాసం కోసం కాదు. షిఫ్టుకు నడిచి వెళ్ళే దారిలో ఒకడు రోజూ సైకిల్ అడ్డం పెట్టి పళ్ళికిలించేవాడు. వాడి పళ్ళు రాలగొట్టాలని చేరాను. నేను సరిగ్గా గుద్దడం నేర్చుకునేలోపే వాడు ఇచ్ఛాపూర్‌లో ఏదో ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. వాడి కోసం దాచుకున్న కోపమంతా నా దగ్గరే ఉండిపోయింది.

క్లాసు మా సమాజం వాళ్ళ పెళ్ళిళ్ళ హాల్లో జరిగేది. సర్ కూడా మావాడే. ఆయన తండ్రి మగ్గాల మీద పనిచేసి కొడుకును చదివించాడు. ఆ కొడుకు ఒక పెద్ద స్కూల్లో డ్రిల్ మాస్టర్ అయ్యి, లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొనుక్కున్నాడు. అప్పటి నుంచి ఖాతా మనుషులంటే ఆయనకు ముక్కు ముడుచుకునేది. బట్టల నిండా పోగులుంటాయని మమ్మల్ని వెనక వరసలో నిలబెట్టేవాడు. చీరల వ్యాపారుల పిల్లలు ముందు వరసలో ఉండేవారు. నాకు దానివల్ల ఇబ్బంది లేకపోయింది. ముందున్నవాళ్ళు కాలెత్తితే నేనూ ఎత్తేదాన్ని, తిరిగితే నేనూ తిరిగేదాన్ని. సర్ మాటలు వింటున్నాననే అనుకునేదాన్ని.

ఆ హాల్లో నాకున్న ఒకే ఒక్క స్నేహం సర్ వాళ్ళ నాన్నతో. ఆయన్ని తాతా అనేదాన్ని. మగ్గాల దగ్గర చెవులు పూర్తిగా పోగొట్టుకున్నాడు. కొడుకు వెంట వచ్చి గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను రాగానే బాబిన్ తిప్పుతున్నట్టు చెయ్యి తిప్పి, పని ఎట్లుంది అని అడిగేవాడు. నేను దారం తెగినట్టు వేళ్ళు చూపిస్తే పళ్ళులేని నోటితో నవ్వేవాడు. సర్ మాత్రం తండ్రితో చేతులతో మాట్లాడగా నేనెన్నడూ చూడలేదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవాడు.

ఒక్క విషయం మాత్రం సర్ నిజంగా బాగా నేర్పాడు, కాదంటే కళ్ళు పోతాయి. ఎదుటి మనిషికి వంగి నమస్కరించేటప్పుడు నడుము వంగాలి గానీ చూపు దించకూడదు. ఎదుట ఎవరున్నారో వాళ్ళనే చూస్తూ వంగాలి. ఇది తప్ప ఆయన ఉపన్యాసాలన్నీ నాకు ఒక చెవిన కూడా పడలేదని తర్వాత తెలిసింది.

గోధుమరంగు బెల్టు కోసం పరీక్ష పెట్టిన రోజు నాకు ఒక చీరల వ్యాపారి కూతురితో పోటీ పడింది. పైన ఫ్యాన్లన్నీ గరగరమంటున్నాయి, చుట్టూ పిల్లలు కేకలు వేస్తున్నారు. ఇప్పుడు నా ముందు చూసి చేయడానికి ఎవరి వీపూ లేదు. సర్ నా వెనక ఎక్కడో ఉన్నాడు. ఆ అమ్మాయి గుద్దు తప్పించుకుని నేను ముందుకు దూసుకెళ్ళాను. ఆమె ఉన్నట్టుండి చేతులు దించింది. ఎందుకు దించిందో అర్థమయ్యేలోపు నా పిడికిలి ఆమె ముక్కుకు తగిలింది. రక్తం కారింది.

నేనే ముందు పరుగెత్తి ఆమెను పట్టుకున్నాను, క్షమించమని బతిమాలాను. ఇంతలో సర్ నా భుజం పట్టి తిప్పాడు. కరాటేలో యామే అంటే ఆపమని. ఆయన అంత గట్టిగా యామే అన్నాక ఎందుకు కొట్టానని అడిగాడు.

"మీరు ఆపమనలే సర్," అన్నాను.

నాకు తెలిసిన నిజం అదే. హాలంతా నవ్వింది. దెబ్బ తిన్న అమ్మాయి కూడా ముక్కు మూసుకుని, సర్ అన్నారు దీదీ అంది.

"అందరు ఇన్నరు. నువ్వొక్కదానివే ఇనలేదా? కొట్టిందే గాక అబద్ధమా?" అన్నాడు సర్.

అబద్ధం చెప్పానని అందరి ముందూ ఒప్పుకుని వంగితే మళ్ళీ క్లాసుకు రానిస్తాడట, లేకపోతే రావద్దట. గోడ మీదున్న సత్యాన్ని వేలుపెట్టి మరీ చూపించాడు. నాకు బెల్టు మీద ఆశ పోయింది, కానీ నా మాట వదులుకోలేదు. అనలేదనే మళ్ళీ అన్నాను. నడుముకున్న నీలం బెల్టు విప్పి నేల మీద పెట్టి బయటికి నడిచాను.

గుమ్మం దగ్గర తాత లేచి నిలబడ్డాడు. కొడుకు వైపు వేలు చూపించి, అరచెయ్యి పైకెత్తాడు. ఆపమన్నాడు అని. కొడుకు పెదాల మీద ఆ మాట ఆయన చూశాడు. తర్వాత నా చెవి ముట్టుకుని, తల అడ్డంగా ఊపాడు. నాకు మొదట ఆయన మీద కూడా కోపమే వచ్చింది. ఆయన నన్ను వదిలేసి హాలు మధ్యకు వెళ్ళి, కొడుకు ఎదుట నిలబడి అదే చెప్పాడు, అరచెయ్యి, చెవి, తల అడ్డంగా. సర్ ఆ చేతుల వంక చూడనే లేదు.

"బాపూ, నువ్వు కూసో," అని భుజం పట్టి కుర్చీ వైపు తోశాడు. ఆ మాట నేను ఆయన పెదాల మీద చదివాను.

తాత సైగ మరిచిపోలేక కొన్నాళ్ళకు ఆస్పత్రికి వెళ్తే, అక్కడ చెవులు పరీక్షించిన ఆవిడ, ఇంతకాలం ఎలా నెట్టుకొచ్చావమ్మా అని అడిగింది. ఆ రాత్రి తలుపేసుకుని ఏడ్చాను. చెవుల కోసం కాదు. సర్ ఆపమన్నాడట, అందరూ విన్నారట, నేనేమో లేదని ఒట్టేసినట్టు నిలబడ్డానట. ఆయనా అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు. కానీ అబద్ధాలకోరు అన్న పేరు మాత్రం నాకే మిగిలింది. డాక్టరు ఇచ్చిన కాగితం తీసుకెళ్ళి సర్‌కు చూపించమని అమ్మ పోరింది. నేను వెళ్ళలేదు. అడిగినవాడికి జవాబు చెబుతాను గానీ, తీర్పు చెప్పేసినవాడి గడప తొక్కి బతిమాలడం నా వల్ల కాదు.

తర్వాత నాన్నకు సూరత్ బయట జోల్వాలో పని దొరికి మేము అటు మారాం. అక్కడి ఖాతా మేడ మీద ఖాళీ బాబిన్ల బస్తాలు వేసే గది ఉంది. శేఠ్‌ను అడిగి ఒక మూల ఊడ్చుకుని ఒక్కదాన్నే సాధన మొదలుపెట్టాను. చాలాకాలం ప్రతి గుద్దూ సర్ మొహం మీదే వేశాను. కోపంతో వేసిన గుద్దు లక్ష్యం దాటి పోతుందని, తర్వాత నేనే ముందుకు తూలుతానని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. కొట్టడం ఎప్పుడో వచ్చేసింది. అంగుళం దూరంలో పిడికిలి ఆపడానికే ఏళ్ళు పట్టింది. దీన్నే ఆయన నిగ్రహం అని గోడ మీద రాయించుకున్నాడు కాబోలు.

బాబిన్ల పనిలో ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. అందరివీ ఖాతా చెవులే. మా దగ్గర యామే లేదు. ఆపమని చెప్పాల్సిన మనిషి ఇద్దరికీ కనిపించే చోట నిలబడి అరచెయ్యి ఎత్తాలి. ఒకరు చూడకపోయినా రెండోవారి మొహంలో తెలిసిపోతుంది, అందుకని ఎదుటివారి మొహం మీద నుంచి చూపు తీయకూడదు. నాకిప్పుడు చెవి మిషన్ ఉంది, చెమటకు పాడవుతుందని సాధనలో తీసి పక్కన పెడతాను.

మొన్న వేసవిలో, వారపు సెలవు రోజు, కింద మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. అంతా నిశ్శబ్దం, వినేవాళ్ళకు. నేను తలుపుకు వీపు పెట్టి నేర్పుతున్నాను. ఒకామె నా వెనక్కు వేలు చూపించింది. తిరిగి చూస్తే సర్ గది లోపల నిలబడి ఉన్నాడు, జుట్టు నెరిసి, నోరు తెరుచుకుని. ఎంతసేపటి నుంచి పిలుస్తున్నాడో తెలియదు. ఏవో పోటీలకు మా దగ్గర నుంచి ఇద్దరిని అడగడానికి వచ్చాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆ మాట మాత్రం ఆయన ఎత్తలేదు.

నా పిడికిలి దానంతట అదే బిగిసింది. దాన్ని విప్పి, వేలితో ఆయన చెప్పులు చూపించాను. ఆయన కిందికి చూసుకుని, గుమ్మం దాకా వెనక్కి వెళ్ళి చెప్పులు విడిచి వచ్చాడు. ఒక్కో మాటా పెదాలు విప్పి మెల్లగా అన్నాడు.

"నీకు ఇనపడదని గప్పుడే చెప్పకపోతివి?"

"ఎందుకు కొట్టినవ్ అని అడిగిండ్రు. ఇన్నవా అని నిజంగ అడగలే సర్."

పక్కన తీసి పెట్టిన నా చెవి మిషన్, బాబిన్ల బస్తాలు, నా వెనక నిలబడ్డ ఆడవాళ్ళు, ఒక్కటొక్కటే చూశాడు ఆయన.

"బాపు గా దినమే చెప్పిండు. నేనే సూడలే," అన్నాడు.

తాత గురించి నేను అడగలేదు, ఆ మాట తీరులోనే ఆయన ఇక బతికి లేడని తెలిసింది. సర్ రెండు చేతులూ తొడలకు ఆనించి వంగాడు. చూపు దించలేదు. నేనూ వంగాను. చూపు దించలేదు. నా కోపం అణువంత కూడా తగ్గలేదు, అది ఆయనకూ కనిపించే ఉంటుంది. నేను లేచాను. ఆయన లేవలేదు. ఎప్పుడు లేవాలో తెలియక అలాగే నా మొహం చూస్తూ వంగి ఉన్నాడు. నేనే అరచెయ్యి పైకెత్తాను. ఈసారి ఆయన చూశాడు.